కృష్ణకుమారి వ్యాను, అత్తగారి ముడుపు

కృష్ణకుమారి మొగుడి పేరు కృష్ణ. పెళ్లిచూపుల నాడు రెండు వైపుల పెద్దలూ ఈ పేర్ల పొంతన చూసి తెగ మురిసిపోయి, మిగతా పొంతనలేవీ చూడటం మానేశారు. చూసి ఉంటే ఆ నిప్పుకణికను తెచ్చి ఈ చన్నీళ్ల కుండకు కట్టబెట్టేవాళ్లు కాదు. కృష్ణ మంచివాడే, కాదనడానికి లేదు. అన్న కూర్చోమంటే కూర్చుంటాడు, అమ్మ లేవమంటే లేస్తాడు. మధ్యలో భార్య ఏదైనా అడిగితే "చూద్దాం తియ్" అంటాడు. ఆ చూద్దామన్నవాటిలో ఒక్కటైనా ఇంతవరకు చూసిన పాపాన పోలేదు.

నకిరేకల్ అవతలి పల్లె నుంచి ఆమె కాపురానికి వచ్చినప్పుడు ఎల్బీ నగర్ పక్కన మన్సూరాబాద్‌లో వాళ్లది రేకుల కప్పు కిరాయి ఇల్లు. ఇప్పుడు అదే గల్లీలో సొంత ఇల్లు. కింద బావగారు మహేందర్, ఆయన భార్య గీత, వాళ్ల కూతురు ప్రణతి. పైన కృష్ణ, కుమారి. అత్తగారు అండాలమ్మ ఏ అంతస్తులో కూర బాగుంటే ఆ అంతస్తులో. రేకులు పోయి స్లాబు పడటంలో కుమారి గరిటెకు ఎంత వాటా ఉందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు, అంటే ఆమెకు తలకెక్కుతుందని భయం.

ఆమెకు చైతన్యపురిలో హాస్టళ్ల సందులో కర్రీ పాయింట్ ఉంది. హాస్టల్ వాళ్లు పోసే నీళ్లచారు తినలేక నాలుక చచ్చిపోయిన కోచింగ్ పిల్లలు మధ్యాహ్నానికల్లా అక్కడ మూగుతారు. వంటంతా ఇంటి దగ్గరే. కుమారికి ఒక అలవాటు ఉంది. కుక్కర్ పెట్టే ముందు విజిల్ ఊడదీసి, రంధ్రంలోకి ఊది, గాలి అవతలికి వస్తేనే మూత బిగిస్తుంది. సిలిండర్ మార్చినప్పుడు సబ్బునురుగు రాసి బుడగ వస్తుందేమో చూస్తుంది. "నీ చాదస్తం పాడుగాను, రోజూ ఊదుడేందే?" అని అండాలమ్మ గొణిగితే, "పేలిన రోజు ఊద్దామంటే మూతి ఉండదత్తా" అని సమాధానం. అత్తాకోడళ్ల మధ్య ప్రేమ ఈ స్థాయిలోనే ఉండేది. 

వండినవాటిని చైతన్యపురి చేర్చడం దగ్గరే చిక్కంతా. ఆ పని బావగారి దయ మీద నడిచేది. మహేందర్ నాదర్‌గుల్ అవతల ఏదో ప్లాట్ల వెంచర్‌కు కస్టమర్లను తిప్పే డ్రైవరు. వెంచర్ వాళ్ల కారులోనే పొద్దున కుమారి క్యారియర్లు కూడా దించేవాడు. దించేవాడంటే, ఆయన నిద్ర లేచి, టిఫిన్ చేసి, గల్లీ చివర పాన్‌డబ్బా దగ్గర రాజకీయాలు తేల్చి, అప్పటికి బుద్ధి పుడితే దించేవాడు. పప్పు చల్లారేది, సాంబారు పులిసేది. "జర జల్ది పోదాం బావా" అంటే, "డ్రైవింగ్ అంటే గరిటె తిప్పుడు అనుకున్నవా?" అనేవాడు.

అబ్బో, ఆయన డ్రైవింగ్ గురించి చెప్పుకోవాలంటే ఆయనే చెప్పుకోవాలి, చెప్పుకుంటాడు కూడా. ఊళ్లో ట్రాక్టర్ నడిపిన చెయ్యి అట. స్టీరింగ్ పట్టుకునే పుట్టాడట. టైరులో గాలి ఉందో లేదో బూటుతో ఒక్క తన్ను తన్ని చెప్పేస్తాడు. సీటుబెల్టు పెట్టుకోకపోతే కారు కుయ్యోమంటుందని, బెల్టు బదులు గుచ్చే ఉత్త ఇనుప క్లిప్పు ఒకటి కొని పెట్టుకున్నాడు. ప్రాణం కాపాడమని అరిచే కారు నోరు మూయించి, అదొక తెలివి అని పదిమందికీ చూపించే మగవాడిని ఏమనాలి? చౌరస్తాలో సీదా పోవాలంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేస్తాడు. అటు కుడికి పోతున్నాడో, ఇటు ఎడమకు పోతున్నాడో, బండే చెడిపోయిందో వెనకవాడికి అంతు పట్టదు. దిగుడు వచ్చిందంటే గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేస్తాడు, పెట్రోలు మిగులుతుందని. పైన పటారం, లోన లొటారం. ఇన్నేళ్లుగా ఏమీ కాలేదంటే అది ఎదుటివాళ్ల జాగ్రత్త వల్ల. ఆయన మాత్రం తన చేతి మహిమే అనుకున్నాడు.

ఒకరోజు ఆయన పాన్‌డబ్బా దగ్గర ఆలస్యం చేయడంతో రెండు హాస్టళ్ల పిల్లలు వేరే కర్రీ పాయింట్‌కు మళ్లారు. కుమారి ఆ సాయంత్రమే పోయి డ్రైవింగ్ స్కూల్లో చేరింది. నేర్పేది వెంకట్రావు. గుడివాడ నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ మనిషి. పట్టరాని కోపం, గల్లీ చివరిదాకా వినిపించే గొంతు. శిష్యులంటే ఆయనకు మంట.

"లైసెన్సు టెస్టుకని ఎనిమిది అంకెలా బండి తిప్పించండి సార్, హెచ్‌లా తిప్పించండి సార్ అంటారమ్మా ప్రతి వెధవా! రోడ్డు మీద ఎనిమిదెక్కడుంటుందండీ? ఉండేవి గుంటలు! మీరూ అందుకేనా వచ్చింది?"

"నాకు సాంబారు ఒలకకుండ నడపుడు నేర్పు సార్. తతిమాది నాకెందుకు" అంది కుమారి.

వెంకట్రావు ఇంజిన్ ఆపి, కిందికి దిగమన్నాడు. ఆ రోజు బండి కదల్లేదు. ఎక్కే ముందు చుట్టూ తిరిగి చూడాలన్నాడు. టైరు పక్కలు ఉబ్బాయా, కింద నూనె కారిందా, బండి కింద కుక్క పడుకుందా, అద్దాలు తుడిచి ఉన్నాయా చూసుకోవాలి. కూర్చున్నాక కాళ్ల దగ్గర సీసాలు, చెప్పులు లేకుండా తీసెయ్యాలి. కదిలీ కదలగానే ఒకసారి బ్రేకు తొక్కి చూసుకోవాలి. కుక్కర్ విజిల్ ఊదే మనిషికి ఇదేం కొత్త? ఆమె ఒక్కసారి విని పట్టేసింది. మిగతా శిష్యులు కిటికీలోంచి చేతులు బయటపెట్టి సెల్ఫీలు దిగుతుంటే, ఈమె బ్రేకు పడకపోతే ఏం చేయాలో అడిగి చెప్పించుకుంది. 

లైసెన్సు వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో తెల్ల వ్యాను కొంది. కర్రీ పాయింట్ మీద వచ్చిన డబ్బు, ఆమె పేరు మీద బండి. ఆ ఇంట్లో ఆడదాని పేరు మీద ఉన్న మొదటి వస్తువు అదే. ఇక ఎవరి దయా అక్కర్లేదు, తన పప్పు తన చేత్తో వేడి వేడిగా చేరుతుంది. తాళంచెవి కొంగుకు కట్టుకుని ఆ రాత్రంతా నిద్రపోలేదు, అంత సంబరం.

పొద్దున్నే లేచి, వ్యాను చుట్టూ తిరిగి వంగి వంగి చూస్తుంటే గల్లీ అంతా వరండాల్లోకి వచ్చింది. "ఏందమ్మా కుమారీ, బండికి ప్రదక్షిణ చేస్తున్నవా?" అని ఎదురింటివాళ్లు నవ్వారు. మహేందర్ ఇంకా గట్టిగా నవ్వాడు. అండాలమ్మ ఒక్కతే నవ్వలేదు. కోడలికి ఇన్నాళ్లకు భక్తి కుదిరిందనుకుని పొంగిపోయింది. పసుపుబొట్టు గిన్నె పట్టుకొచ్చి, కోడలు తుడిచిన అద్దాలకు రెండు వైపులా అరచేతి మందాన కుంకుమ పులిమింది. కుమారి తుడవడం, అత్తగారు పులమడం. అలా ఒక వారం గడిచింది.

ఇక బండిపూజ. కర్మన్‌ఘాట్ గుడికి అందరూ బయల్దేరారు. ముందు అద్దానికి బంతిపూల దండ అడ్డంగా కట్టారు, రోడ్డు కనపడకపోయినా దేవుడికి కనపడాలి కదా. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అన్నీ అయ్యాక అండాలమ్మ సంచిలోంచి అసలుది తీసింది. ఎర్రగుడ్డలో మూటగట్టిన కొబ్బరికాయ. గుట్ట నరసింహస్వామికి ముడుపు కట్టిందట. ఏడాదిపాటు బండికి ఏమీ కాకుంటే గుట్టకు పోయి విప్పాలట, అప్పటిదాకా బండిలోంచి కదపకూడదట. తీసుకొచ్చి స్టీరింగ్ ముందు, సాఫుగా ఉన్న డ్యాష్‌బోర్డు బల్ల మీద పెట్టింది.

కుమారి అక్కడికక్కడే అంది. "అత్తా, గుండ్రటి కాయ. బ్రేకేస్తె దొర్లుతది. దొర్లి పెడల్ కింద ఇరికిందనుకో, అందరం పోతం. ఇంట్ల దేవునర్ర ఉన్నది కద, అండ్ల పెట్టు."

గుడి ముందు అందరి మొహాలూ నల్లబడ్డాయి. ఆమె ఏదో బూతు మాట అన్నట్టు గీత చెవులు మూసుకుంది. "నోరు కడుక్కో కుమారీ! పూజ కాడ అవేం మాటలే?" అండాలమ్మ థూ థూ అని మూడు దిక్కులకు ఉమ్మేసి, "తథాస్తు దేవతలుంటరే, తథాస్తు అంటరే! శుభమా అని ముడుపు కడితే పోతం పోతం అంటవేందే?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇదీ మనవాళ్ల వరస. దారిలో గుంట ఉందని చెబితే గుంట పూడ్చరు, చెప్పినవాడి నోరు మూస్తారు. ప్రమాదం తలుచుకుంటేనే వస్తుందట, తలుచుకోకుంటే ఇంటి అడ్రస్ దొరకక తిరిగిపోతుందట! అంత తేలికైతే ఈ రోడ్ల పక్కన ఇన్ని దవాఖానలు ఎందుకో ఒక్కరూ అడగరు.

మహేందర్ చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇటియ్యి. పూజైనంక బండి మొదటి నడక మొగోడు నడపాలె. నువ్వు రేపటి సంది తిప్పుకో."

"నా బండి బావా. నేనే నడుపుత."

"అమ్మా, చూసినవా?" అన్నాడాయన తల్లితో. తల్లి కృష్ణ వైపు చూసింది. కృష్ణ భార్య వైపు చూసి, "ఇచ్చెయ్ కుమారీ, ఒక్కరోజే కద. తర్వాత చూద్దాం తియ్" అన్నాడు. ఆమె ఇచ్చింది. నలుగురిలో, గుడి ముందు, అత్తగారి కంటతడి ముందు ఎంత మొండిదైనా ఎంతవరకు లాగుతుంది? కానీ ముందుసీటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. తాను కూర్చుని బెల్టు పెట్టుకుంది. మహేందర్ జేబులోంచి క్లిప్పు తీసి తన పక్కన గుచ్చాడు. వెనక అండాలమ్మ, గీత, ప్రణతి, కృష్ణ సర్దుకున్నారు.

హయత్‌నగర్‌లో ఉన్న ఆడపడుచు ఇంట్లో భోజనాలు. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర నాలుగు ఇండికేటర్లూ వేసి ఫ్లైఓవర్ ఎక్కించాడు. పక్క అద్దంలో కుంకుమ తప్ప ఇంకేమీ కనపడటం లేదు. దిగుడు మొదలవగానే గేరు తీసి న్యూట్రల్‌కు తోశాడు. "చూసినవా, ఎట్ల జారుతున్నదో! ఇది మీ స్కూల్ల నేర్పరు" అని కుమారి వైపు తిరిగాడు.

కింద ఎల్బీ నగర్ వైపు సిగ్నల్ దగ్గర బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. ఆయన రోడ్డు వైపు చూసి బ్రేకు మీద కాలు వేసేసరికి, ఆ ఊపుకు ముడుపు ముందు అద్దానికి కొట్టుకుని, వెనక్కి దొర్లి ఆయన కాళ్ల మధ్య పడింది. కాలు పైకెత్తి మళ్లీ తొక్కాడు. అప్పటికే కాయ దొర్లి పెడల్ కింద దూరింది. పెడల్ సగం దిగి అక్కడే ఆగిపోయింది.

"బ్రేకు పడ్తలేదు! అరె, బ్రేకు పడ్తలేదు!"

"కాలు తియ్యి బావా! కాయ ఇరికింది, కాలు తియ్యి!"

తీస్తాడా? స్టీరింగ్ పట్టుకునే పుట్టిన మనిషి ఇంకా బలంగా తొక్కాడు. కాయ ఇంకా బిగుసుకుంది. వెనకనుంచి ఒకటే కేకలు, నరసింహా నరసింహా అని అండాలమ్మ. కుమారి చేతులు మాత్రం వెంకట్రావు మాటే విన్నాయి. ఒక్కసారే లాగితే బండి గింగిరాలు తిరిగిపోతుందని ఆయన ఎన్నిసార్లు అరిచాడో. హ్యాండ్ బ్రేకు బొత్తాం నొక్కిపట్టి కొద్దికొద్దిగా లాగుతూ, రెండో చేత్తో స్టీరింగ్‌ను ఎడమ గోడ వైపు నెట్టింది. వ్యాను గోడను రాసుకుంటూ, ఎడమ అద్దాన్ని విరగ్గొట్టుకుంటూ, కీచుమంటూ పోయి ఒక సిటీ బస్సు వెనక ఆగింది. బస్సు కిటికీలోంచి ఒక పెద్దాయన వీళ్లను చూసి తల కొట్టుకున్నాడు.

బెల్టు లేని మహేందర్ నుదురు అద్దానికి కొట్టుకుని కోడిగుడ్డంత బొప్పి కట్టింది. మిగతావాళ్లకు దెబ్బలు లేవు. అందరూ దిగి గోడ పక్కన నిలబడ్డారు. కుమారి తాళంచెవి తీసి మళ్లీ కొంగుకు ముడేసుకుని, వంగి కాయను లాగి బయటపెట్టింది. ఆమె నోరు తెరిచేలోపే మహేందర్ దాన్ని లాక్కున్నాడు. నుదుటి బొప్పి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కాయను పైకెత్తాడు.

"అమ్మా, చూడవే! కాయ పగల్లేదు! గంత జోరు మీద ఉన్న బండి ఆగింది, మన పానాలు దక్కినయి, ముడుపుకు చిన్న గీత పడలే! స్వామి కాపాడిండే!"

అండాలమ్మ ముడుపును కళ్లకద్దుకుంది. గీత అద్దుకుంది. కృష్ణ కూడా అద్దుకున్నాడు. కింద పడ్డా నాదే పైచెయ్యి అంటారే, ఇక్కడ తన కాలు కింద పడ్డ కాయది పైచెయ్యి అయింది.

"కాపాడుడేంది? అడ్డం పడ్డదే అది!" అని కుమారి అరిచింది. "నేను హ్యాండ్ బ్రేకు లాగకుంటే..."

"ఇగ ఆపు" అన్నాడు మహేందర్. "గుడి కాడ నువ్వన్న మాటే తగిలింది."

సాయంత్రం ఇంట్లో పంచాయితీ. నుదుటికి కట్టు కట్టుకుని మహేందర్ కుర్చీలో కూర్చున్నాడు, యుద్ధం గెలిచి వచ్చినవాడిలా. వ్యాను సంగతి ఎవరూ మాట్లాడలేదు. న్యూట్రల్ సంగతి లేదు, క్లిప్పు సంగతి లేదు. మాట్లాడిందంతా కుమారి నాలుక గురించి. ఆమె "దొర్లుతది" అంది, దొర్లింది. "ఇరుకుతది" అంది, ఇరికింది. అంటే తప్పెవరిది? అన్న నాలుకదే.

"ఏదీ, నాలిక బయట పెట్టు. మచ్చ ఉందేమో చూస్త" అంది గీత, నిజంగానే ఫోన్ లైటు వేసి పట్టుకుని.

"మచ్చ లేదక్కా. ఉంటే ఇన్నేండ్ల సంది మీ ఆయనను నేను అనుకున్న మాటలకు ఎప్పుడో ఏదో ఒకటి అయ్యేది" అంది కుమారి.

అంతే, నోటిదురుసు అన్న నేరం కూడా తోడైంది. తీర్పు రావడానికి ఆలస్యం కాలేదు. బండికి ఆమె చెయ్యి అచ్చిరాలేదు. ఏడాది తిరిగి, గుట్టలో ముడుపు విప్పేదాకా మహేందరే నడుపుతాడు. కుమారి అత్తగారి వైపు చూసింది. వెనకసీటులోంచి ఆమె అంతా చూసింది, ఎవరు తొక్కారో, ఎవరు లాగారో. అండాలమ్మ టీవీ వైపు చూస్తూ కూర్చుంది. టీవీ కట్టేసి ఉంది. కుమారి మొగుడి వైపు చూసింది. ఆయన చూద్దాం అని కూడా అనలేదు, లేచి ఆమె ముందు చెయ్యి చాపాడు. కొంగుముడి విప్పి తాళంచెవి ఆ చేతిలో పడేసి, పైకి పోయి, గిన్నెలు తోముతూ ఏడ్చింది. దెబ్బకు ఏడవలేదు, బండికి ఏడవలేదు. ఇంటిల్లిపాది ప్రాణాలు చేతుల్లో పట్టుకుని ఆపితే, ఆ చేతుల్నే అచ్చిరానివి అన్నందుకు ఏడ్చింది. 

మర్నాటి నుంచి ఆమె క్యారియర్లు ఆటోలో వెళ్లాయి. వ్యానుకు గీతలు పడ్డచోట మహేందర్ స్టిక్కర్లు అంటించాడు. కొత్త అద్దం వేయించాలన్న ఆలోచన మాత్రం రాలేదు. ముడుపు మళ్లీ స్టీరింగ్ ముందుకే వచ్చింది, ఈసారి పూలదండతో.

ఆ వారంలోనే అండాలమ్మకు దిల్‌సుఖ్‌నగర్‌లో కంటి ఆపరేషన్ తారీఖు వచ్చింది. పొద్దున్నే మహేందర్ వ్యాను బయటికి తీసి, లోపలే కూర్చుని హారన్ కొట్టాడు. తల్లికి తోడు గీత వస్తానంది, ప్రణతిని దారిలో కాలేజీ దగ్గర దించాలి. కృష్ణ కూడా సెలవు పెట్టాడు. గేటు పక్కన కుమారి తన క్యారియర్లు పేర్చుకుని ఆటో కోసం చూస్తోంది.

"అమ్మా, ఎక్కు" అన్నాడు మహేందర్.

అండాలమ్మ వ్యాను దాకా వచ్చి ఆగింది. కళ్లద్దాలు మరిచానని వెనక్కి పోయింది. ఆపరేషన్‌కు పోయే మనిషికి కళ్లద్దాలెందుకో ఎవరికీ అర్థం కాలేదు. తెచ్చుకుంది. మళ్లీ ఆగింది. కడుపులో ఏదోలా ఉందంది. ఎండగా ఉందంది, అప్పటికి ఎండ ఇంకా గల్లీలోకే దిగలేదు.

"ఏందే నీ పరేషాన్? టైం అయితున్నది, ఎక్కు!"

"నువ్వు దిగు బిడ్డా" అంది అండాలమ్మ మెల్లగా. "కుమారి నడిపితే ఎక్కుత."

మహేందర్ తన చెవులే తనను మోసం చేశాయనుకున్నాడు. "ఏందే? దాని చెయ్యి అచ్చిరాలేదని మనమే కద అన్నది! అయినా భయమెందుకే, ముడుపు ఉన్నది కద!"

"ముడుపు దేవునిది రా" అంది ముసలామె. "తొక్కే కాలు నీది."

గల్లీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మహేందర్ పెళ్లాం వైపు చూశాడు, నువ్వైనా ఎక్కవే అన్నట్టు. గీత ప్రణతి చెయ్యి పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. పంచాయితీలో ఫోన్ లైటు వేసి నాలుకలు వెతికిన మనిషే, తన బిడ్డను మాత్రం మొగుడి బండి ఎక్కనియ్యలేదు. కృష్ణ అన్న దగ్గరికి పోయి కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి తాళంచెవి తీసుకున్నాడు. తెచ్చి భార్యకు ఇచ్చాడు. పెళ్లైన ఇన్నేళ్లలో చూద్దాం అనకుండా ఆయన చేసిన మొదటి పని అది.

కుమారి వెంటనే తీసుకోలేదు. "గా మాట పంచాయితీల ఎందుకు అనలేదత్తా? నువ్వు చూసినవు. అంత చూసినవు."

"పదిమందిల కొడుకును ఎట్ల అంటనే?"

"నన్ను ఎట్ల అననిచ్చినవు మరి?"

అండాలమ్మ ఎవరూ అడగకుండానే వ్యాను తలుపు తెరిచి, బల్ల మీది ముడుపును రెండు చేతులతో తీసి, ఇంట్లో దేవుడి గదిలో పెట్టి వచ్చింది. కోడలు క్షమించిందా అంటే, లేదు. అంత తొందరగా క్షమించే రకం కాదామె, క్షమించాల్సిన అవసరం కూడా లేదు. కానీ తాళంచెవి తీసుకుంది. ఎవరు నవ్వినా సరే అని వ్యాను చుట్టూ తిరిగి చూసింది. కుంకుమ తుడిచింది, దండ తెంపేసింది, కాళ్ల దగ్గర మహేందర్ వదిలేసిన నీళ్ల సీసా తీసి గేటు పక్కన పెట్టింది. క్యారియర్లు వెనక సర్ది, దొర్లకుండా తాడుతో కట్టింది. క్లిప్పును పీకి బావగారి చేతిలో పెట్టింది.

అందరూ ఎక్కారు. బెల్టులు పెట్టుకున్నారు, అండాలమ్మకు గీత పెట్టింది. మహేందర్ ఒక్కడే గేటు దగ్గర నిలబడ్డాడు, ఒక చేతిలో క్లిప్పు, నుదుటి మీద ఇంకా పచ్చబడి ఉన్న బొప్పి.

"బావా, ఎనక ఒక సీటున్నది" అంది కుమారి. "బెల్టు పెట్టుకుని, నేను నడిపేటప్పుడు నోరు మూసుకుంటనంటే ఎక్కు. లేకుంటే మెట్రో ఉన్నది."

ఆయన గీత వైపు చూశాడు. గీత తలుపు జరిపి వేసుకుంది. కుమారి కదిలించి, ఒకసారి బ్రేకు తొక్కి చూసుకుని, కుడి ఇండికేటర్ ఒక్కటే వేసి గల్లీ మలుపు తిరిగింది. మహేందర్ ఎదురింటి వరండాలో జనం ఇంకా తననే చూస్తున్నారని గమనించి, ఎల్బీ నగర్ మెట్రో దిక్కు నడవడం మొదలుపెట్టాడు.